సన్యాసిరావు గారి పదకొండు పిట్టలు

రామలింగేశ్వరరావు గారి సంతాపసభలో మేమందరం లేచి నిలబడి మౌనం పాటిస్తూండగా మా అధ్యక్షుల వారికి ఒక ధర్మసందేహం కలిగింది. మౌనం పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, అందరూ కూర్చున్నాక, కళ్లజోడు తుడుచుకుంటూ దాన్ని సభ ముందుంచారు.

"పోయినవారు పుణ్యాత్ములు. ఆ విషయంలో సభకు భేదాభిప్రాయం ఉండదనుకుంటాను. కాని వారు చూసిన పక్షుల మాటేమిటి? అవి ఇకమీదట మన సంఘం చూసినట్టా, చూడనట్టా?"

దండ వేసిన ఫొటోలోంచి రామలింగేశ్వరరావు గారు కూడా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు.

మాది కాకినాడలో పక్షులు చూసేవాళ్ల సంఘం. ఆదివారం పొద్దున్నే వ్యానులో బయల్దేరి, మడ అడవుల్లోనో ఉప్పుమడుల గట్ల మీదో తిరిగి, కనిపించిన పిట్టల పేర్లు రాసుకోవడం మా పని. మాకు రెండు జాబితాలున్నాయి. ఆ ఏడాది కనిపించినవి వార్షిక జాబితాలోకి ఎక్కుతాయి. సభ్యులు పుట్టి బుద్ధెరిగాక చూసినవన్నీ కలిపితే జీవితకాల జాబితా. గొప్పంతా రెండోదానిదే. అందులో నాలుగువందల జాతులు దాటిన సంఘానికి రాష్ట్ర సమాఖ్య వారు 'ఏ' గ్రేడు ఇస్తారు. మాకది ఉంది. ఉంటే ఏమొస్తుందని మా ఆవిడ ఒకసారి అడిగింది. 'బి' గ్రేడు రాకుండా ఉంటుందని చెప్పాను.

అధ్యక్షులు చెరుకుమిల్లి అచ్యుతరామయ్య గారు సహకార శాఖలో డిప్యూటీ రిజిస్ట్రారుగా చేసి రిటైరయ్యారు. సంఘానికి నియమావళి రాసిపెట్టింది ఆయనే. నేను కార్యదర్శిని. మినిట్స్ రాయడం నా బాధ్యత.

"నియమావళి తీయండి కార్యదర్శి గారూ. జీవితకాల జాబితా అంటే నిర్వచనం ఏమిటి?"

"సభ్యులు చూసిన పక్షిజాతుల మొత్తం అండి."

"సభ్యత్వం ఎప్పుడు రద్దవుతుంది?"

"రాజీనామా, బహిష్కరణ, మరణం వల్ల అండి."

అచ్యుతరామయ్య గారు బరువుగా తల పంకించారు. "చూశారా! మనం ఇన్నేళ్లుగా సభ్యులు కానివారి పక్షుల్ని అనుభవిస్తున్నాం."

ఆ పూటే లెక్క తేల్చారు. ఇదివరకు పోయినవాళ్లు చూసినవన్నీ బతికున్నవాళ్లలో ఎవరో ఒకరు చూసినవే కావడంతో వాళ్లవన్నీ నష్టం లేని మరణాలని తేలింది. రామలింగేశ్వరరావు గారు మాత్రం ఎవరికీ కనిపించని మూడు రకాల్ని ఒక్కరే చూసి, ఒక్కరే వెళ్లిపోయారు. నాలుగువందల పది కాస్తా నాలుగువందల ఏడైంది. ఆయన చూసినప్పుడు ఆయన భార్య పక్కన ఉన్నారేమో, ఉంటే ఆవిణ్ణి సభ్యురాలిగా చేర్చుకోవచ్చు, కనుక్కు రమ్మని నన్ను పంపారు.

"ఆయన పిట్టల వెంట పడి తిరుగుతుంటే నేను ఇంట్లో పప్పు ఉడకేస్తూ ఉన్నానండీ," అందావిడ కళ్లొత్తుకుంటూ. "ఎప్పుడైనా పిలిస్తే కదా!"

ఆ సంగతి నివేదించాను. అచ్యుతరామయ్య గారు దిగులుగా విని, ఇక ముందు ఇలాంటి అజాగ్రత్త జరక్కుండా, సభ్యుల్లో ఎవరు పోతే ఎంత తగ్గుతుందో ముందే లెక్క వేసి ఉంచమన్నారు.

వేశాను. చాలామంది పోయినా సంఘానికి ఏమీ కాదు. నేను పోయినా, విచారించవలసింది మా ఇంట్లోవాళ్లే. కాని తటవర్తి సన్యాసిరావు గారి దగ్గరకొచ్చేసరికి నా పెన్ను ఆగిపోయింది. ఒక్క ఆయన మీదే పదకొండు జాతులు ఆధారపడి ఉన్నాయి. అంతరించిపోయిందనుకున్న కలివికోడిని కడప అడవుల్లో కళ్లారా చూసినవాడు మా సంఘం మొత్తానికి ఆయనొక్కడే. ఆయన పోతే మేము మూడువందల తొంభై ఆరు. అంటే 'బి' గ్రేడు.

సన్యాసిరావు గారికి ఎనభై దాటి చాలాకాలమైంది.

ఆయన ఇరిగేషన్‌లో సర్వేయరుగా చేసి రాష్ట్రమంతా కాలినడకన కొలిచిన మనిషి. మోకాళ్లు అరిగాక వ్యాను ఎక్కడం మానేశారు. మానేశారని మేం కూడా అడగడం మానేశాం. ఆయనా, భార్య సుభద్రమ్మ గారూ గాంధీనగర్‌లో మూడు గదుల వాటాలో ఉంటారు. మేం శాలువా, పూలదండ, ఆపిల్ పళ్లతో గుమ్మంలో దిగేసరికి సుభద్రమ్మ గారు కంగారుపడి ఆయన్ని లోపల్నించి పిలిచారు.

"ఏవండోయ్, ఓట్ల వాళ్లొచ్చారు!"

శాలువా కప్పాక అచ్యుతరామయ్య గారు విషయం విశదీకరించారు. "తమరు ఇకమీదట కేవలం వ్యక్తి కారు. సంఘ ఆస్తి. తమ ఆరోగ్య పరిరక్షణ నిమిత్తం ఒక ఉపసంఘాన్ని నియమించాం. డాక్టర్ ఝాన్సీ గారు కన్వీనరు."

"సార్, నేను పళ్ల డాక్టర్నండీ," అని ఝాన్సీ గారు మరోసారి గుర్తుచేశారు.

"పళ్లు మాత్రం శరీరంలో భాగం కావా అమ్మా?"

ఆవిడ టార్చిలైటు వేసి చూశారు. అన్నీ కట్టుడు పళ్లే. ఇంకో యాభై ఏళ్లయినా చెక్కుచెదరవని రాసి సంతకం పెట్టారు. ఆ ఒక్క మాటతో అధ్యక్షుల వారికి ఎంతో ధైర్యం వచ్చింది.

మర్నాటి నుంచి ఆంక్షలు మొదలయ్యాయి. మెట్లెక్కరాదు. తడి నేల మీద నడవరాదు. ఆవకాయ నిషేధం. పొద్దునా సాయంత్రం బి.పి. చూడాలి. ఎప్పుడూ ఒక సభ్యుడు వీధి వరండాలో కాపలా ఉండాలి. మొదట్లో సన్యాసిరావు గారికి ఇది సరదాగానే ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ అడగని కథలు ఇప్పుడు రోజుకొకరు వచ్చి వింటున్నారు. ఆయన కలివికోడిని తలచుకుని, ముళ్లపొదల మధ్య దాని పరుగును వేళ్లతో చేసి చూపించేవారు. వినేవాళ్లు మధ్యమధ్య నాడి చూసేవాళ్లు.

"మరీ అంత ఉద్రేకం వద్దండీ. కూర్చుని చెప్పండి," అనేవాళ్లు.

సుభద్రమ్మ గారికి మాత్రం మొదటి వారమే విసుగొచ్చింది. "పొద్దున్న లేచి వీధి తలుపు తీస్తే మొగాడెవరో కుర్చీలో ఉంటున్నాడు. నేను ముగ్గెప్పుడు వేసుకోను? మీకు పెళ్లాం బిడ్డలు లేరా బాబూ?" అని నన్ను నిలదీశారు. సంఘ శ్రేయస్సు అన్నాను. ఆవిడ నాకేసి జాలిగా చూసి కాఫీ ఇచ్చారు.

అందరం వంతులవారీగా వరండాలోనే ఉండడంతో ఆదివారాలు వ్యాను కదలడం మానేసింది. ఆ ఏడాది వార్షిక జాబితాలో మేం ఎక్కించినవన్నీ సన్యాసిరావు గారి వరండాలోంచి కనిపించినవే. కాకి, గోరింక, పావురం, మళ్లీ కాకి. దీనికి అధ్యక్షులు బెంగపడలేదు. ఏడాది వచ్చి పోతుందనీ, జీవితకాలం అలా కాదనీ అన్నారు.

ఈలోగా పక్క జిల్లా సంఘం వాళ్లకు కబురు తెలిసింది. వాళ్ల కార్యదర్శి ఒక మధ్యాహ్నం పూతరేకుల పెట్టె పట్టుకుని బంధువులా దిగాడు. ఆ పూట కాపలా ఉన్న సభ్యుడు కునుకు తీస్తున్నాడు. తమ సంఘంలో చేరితే గోదావరి గట్టున గది, ఆవకాయకు పూర్తి స్వేచ్ఛ ఇస్తామని ఆ కార్యదర్శి సన్యాసిరావు గారి చెవిలో చెప్పి వెళ్లాడు. ఆయన చేరలేదు గాని పూతరేకులు తిన్నారు.

అచ్యుతరామయ్య గారు ఆ రాత్రి నిద్రపోయినట్టు లేరు. మర్నాడు అత్యవసర సమావేశంలో సవరణ ప్రతిపాదించారు. "ఏ సభ్యుడును అధ్యక్షుని ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే రాజీనామా చేయుట గాని, బదిలీ అగుట గాని, మరే ఇతర విధముగా గాని సంఘమును వీడరాదు."

"మరే ఇతర విధముగా అంటే?" అన్నారు ఝాన్సీ గారు.

"అన్ని విధాలూ అందులోకి వస్తాయి."

"అంటే పోవడానికి కూడా..."

"దరఖాస్తు పెట్టుకుంటే సానుభూతితో పరిశీలిస్తాం అమ్మా. మనమేమీ రాక్షసులం కాదు."

సవరణ చప్పట్ల మధ్య నెగ్గింది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కార్తీకమాసం వచ్చింది. ఉప్పాడ దారిలో ఒక జీడిమామిడి తోటలో పొన్నంకి పిట్ట దిగిందని ఎవరో వరండాలో మాటవరసకు అన్నారు. చలికాలానికి దక్షిణానికి పోతూ దారిలో మా తీరాన కొన్నాళ్లు ఆగే పిట్ట అది. అరుదైనదేమీ కాదు. మాలో ఏడుగురు చూశారు. కాని ఆ మాట చెవిన పడగానే సన్యాసిరావు గారు తాగుతున్న జావ గ్లాసు కింద పెట్టేశారు.

"నేను చూడలేదండీ దాన్ని," అన్నారు.

ఎవరమూ నమ్మలేకపోయాం. కలివికోడిని చూసినాయన పొన్నంకి పిట్టను చూడకపోవడమేమిటి?

"ఎప్పుడెళ్లినా నిన్ననే పోయిందనేవారు. ఓసారి తునిలో నేను అటు తిరిగినప్పుడు నా వెనకాల గెంతిందట. పక్కవాడు చూశాడు. నేను తిరిగేసరికి ఆకులు కదులుతున్నాయి. ఆ కూత మాత్రం చాలాసార్లు విన్నాను. ఒక్కసారి తీసుకెళ్లండి. కుర్చీ వేస్తే కూర్చుంటాను. కదలమన్నా కదలను."

ఆ అభ్యర్థనను అధ్యక్షుల వారికి పంపాం. వారం తిరిగాక వచ్చిన జవాబును వరండాలో నిలబడి చదివి వినిపించే పని నా మీద పడింది.

"తమరు కోరిన పొన్నంకి పిట్ట ఇదివరకే ఏడుగురు సభ్యుల ద్వారా సంఘ జాబితాలో నమోదై యున్నందున, తమరు దానిని చూచుట వలన సంఘమునకు ఒనగూరు అదనపు ప్రయోజనము శూన్యము. మార్గమధ్యమున ఏదేని అవాంఛనీయ సంఘటన జరిగినచో వాటిల్లు నష్టము పదకొండు. కావున తమ కోరికను మన్నించుటకు వీలుకానందులకు చింతిస్తూ, ప్రత్యామ్నాయముగా సదరు పక్షి యొక్క రంగుల ఛాయాచిత్రమును జతపరచడమైనది."

సన్యాసిరావు గారు ఫొటో అందుకుని చాలాసేపు చూశారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ సాయంత్రం కథ చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. అన్నం సగం వదిలేస్తున్నారని సుభద్రమ్మ గారన్నారు. బి.పి. మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఆ నివేదిక చూసి అధ్యక్షులు సంతోషించారు.

ఆ పై సోమవారం తెల్లవారుజామున కాపలా వంతు నాది. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. వీధి గుమ్మం ముందు ఆటో ఆగింది. లోపల్నించి సుభద్రమ్మ గారు మంచి చీర కట్టుకుని, ఒక చేత్తో ప్లాస్టిక్ కుర్చీ, ఇంకో చేత్తో మొగుణ్ణి పట్టుకుని బయటికొచ్చారు. ఆయన మెడలో బైనాక్యులర్స్ ఉన్నాయి.

నేను లేచి అడ్డంగా నిలబడ్డాను. "ఎక్కడికండీ?"

"ఉప్పాడ."

"అనుమతి లేదండీ. నన్ను ఇక్కడ కాపలా పెట్టారు."

"దేనికి బాబూ కాపలా? ఇంటికా, ఆయనకా?"

"ఆయనకేనండి."

"మరి ఆయన వెళ్తుంటే నువ్విక్కడ ఏం చేస్తావు? ఎక్కు."

నియమావళిలో దీనికి సమాధానం ఉందేమోనని ఆలోచించాను. కనపడలేదు. కుర్చీ ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన ఎక్కాను.

"గట్టిగా పట్టుకోండి మేస్టారూ, రోడ్డంతా గోతులే," అన్నాడు డ్రైవరు. ప్రతి గోతికీ నా గుండె పదకొండుసార్లు కొట్టుకుంది. వెనక సీట్లో సుభద్రమ్మ గారు ఆయన చెవులకు మఫ్లరు సర్దుతూ, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇస్తున్నారు. ఆయన కాఫీ తాగుతూ సముద్రం వాసన పీలుస్తున్నారు.

తోటలో రాలిన జీడాకులు మందంగా పరుచుకుని ఉన్నాయి. ఒక చెట్టు మొదట్లో కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టాం. సుభద్రమ్మ గారు కొంగు పరుచుకుని కింద కూర్చున్నారు. చాలాసేపు ఏమీ లేదు. దూరంగా అలల హోరు, ఎక్కడో పడవ ఇంజను చప్పుడు. నాకు వాచీ చూసుకోవాలనిపించింది గాని చెయ్యి కదపడానికి భయమేసింది. అప్పుడు రెండక్షరాల ఈల వినిపించింది. సన్యాసిరావు గారి వేళ్లు కుర్చీ చేతి మీద బిగుసుకున్నాయి.

ఎండుటాకు ఒకటి ఎగిరి పడింది. దాని వెనకాల పిట్ట గెంతుతూ వచ్చింది. వీపు లేతాకు పచ్చ, భుజం మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ పూసినంత ఎరుపు. కళ్ల మీదుగా కాటుక పట్టీ. తోక ఉందా అంటే ఉంది, కత్తిరించి పారేసినట్టు బెత్తెడు కూడా లేదు. అది మమ్మల్ని లెక్కచెయ్యకుండా ఒక్కో ఆకునూ ముక్కుతో తిరగేస్తూ, కింద పురుగుందేమో చూసుకుంటూ, ఆయన చెప్పుల దగ్గరదాకా వచ్చింది. బైనాక్యులర్స్ ఎత్తవలసిన అవసరమే రాలేదు. ఆయన ఎత్తనూ లేదు.

పిట్ట పొదలోకి వెళ్లిపోయాక కూడా ఆయన అలాగే కూర్చున్నారు.

"ఇదా ఏవండీ? ఇన్నాళ్లూ దీనికోసమేనా?" అన్నారు సుభద్రమ్మ గారు మెల్లిగా. "బాగుంది."

"చూశావుగా, ఎలా గెంతిందో," అని ఆయన రెండు వేళ్లతో మోకాలి మీద గెంతించి చూపించారు. తరవాత ఆవిడా చేసి చూపించారు. నన్ను చూసి ఇద్దరూ సిగ్గుపడ్డారు.

మేం తిరిగొచ్చేసరికి వీధినిండా సంఘమే. ఖాళీ వరండా చూసి ఎవరో కేక వేశారట. అచ్యుతరామయ్య గారు లుంగీ మీదే వచ్చేశారు. సన్యాసిరావు గారు ఆటో దిగి రెండు కాళ్ల మీద నిలబడ్డాక గాని అధ్యక్షుల వారి ముఖంలోకి రక్తం రాలేదు.

"తమరు అనుమతి లేకుండా పదకొండు జాతుల్ని ఆటోలో ఎక్కించుకుని గోతుల రోడ్డు మీద తిప్పారు," అన్నారు. "దీనికి సంజాయిషీ ఇవ్వాలి."

సన్యాసిరావు గారు నవ్వుతూ నిలబడ్డారు. జవాబు సుభద్రమ్మ గారే ఇచ్చారు.

"వచ్చే ఆదివారం కూడా వెళ్తామండి. మీరు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్నంత మాత్రాన ఆయన పోయే రోజు ఆగుతుందా? ఎప్పుడో ఒకప్పుడు పోరూ? అందరం పోమూ?"

అచ్యుతరామయ్య గారు ఈ కోణంలో ఎన్నడూ ఆలోచించినట్టు లేరు. నేరుగా ఇంటికి వెళ్లి తలుపేసుకున్నారు. ఆదివారం, వాళ్లు బయల్దేరకముందే, సంఘాన్నంతా ఆ వరండాలో చేర్చి కొత్త సవరణ చదివారు. మరణము వలన సభ్యత్వము రద్దు కాదు. జీవితకాల సభ్యుడు సంఘ రికార్డుల ప్రకారము శాశ్వతముగా జీవించియున్నట్లే పరిగణించబడును.

"అంటే నేను పోయినా పోనట్టేనా?" అన్నారు సన్యాసిరావు గారు.

"తమకా సదుపాయం కల్పిస్తున్నాం."

"మంచి రూలే," అన్నారు సుభద్రమ్మ గారు. "నా బొట్టు కూడా మీ రికార్డులోనే ఉంచండి."

"ఒక్కరికే ఇస్తే పక్షపాతం కాదా సార్? మరి ఇదివరకు పోయినవాళ్లో?" అని అడిగారు ఝాన్సీ గారు.

"నియమం ముందు అందరూ సమానులే అమ్మా, పోయినవారితో సహా," అని అచ్యుతరామయ్య గారు ఉదారంగా ప్రకటించారు. సంఘం పుట్టినప్పట్నుంచి పోయినవాళ్లందరూ ఆ క్షణమే తిరిగి సభ్యులయ్యారు. రామలింగేశ్వరరావు గారు తన మూడు జాతుల్నీ వెంటబెట్టుకుని వచ్చేశారు. మళ్లీ నాలుగువందల పది. వరండా కాపలా ఎత్తేశారు. అందరం కరచాలనాలు చేసుకున్నాం.

తరవాతి సమావేశంలో నేను హాజరు వేస్తూంటే సంగతి బయటపడింది. సమావేశం చెల్లాలంటే సభ్యుల్లో మూడో వంతు ఉండాలి. బతికున్నవాళ్లం ముప్పై మందిమి. పోయినవాళ్లు మాకు రెట్టింపు పైనే. మంచాన ఉన్నవాళ్లతో సహా మేమందరం వచ్చినా మూడో వంతుకు చాలం. వాళ్లలో ఒకరిద్దరైనా వస్తే తప్ప సభ జరగదు.

"అయితే ఆ సవరణను రద్దు చేసేద్దాం సార్," అన్నాన్నేను.

"రద్దు చెయ్యాలంటే సమావేశం చెల్లాలి కదండీ," అన్నారు అచ్యుతరామయ్య గారు. అలా అంటున్నప్పుడు ఆయన గొంతులో, అంత కష్టంలోనూ, తన ముసాయిదా ఎంత పకడ్బందీగా ఉందో అన్న గర్వం కూడా ఉంది.

అలా మా సంఘం స్తంభించింది. తీర్మానాలు లేవు, ఉపసంఘాలు లేవు, నివేదికలు పంపడానికి ఎవరికీ అధికారం లేదు. ఆదివారం పొద్దున్న చెయ్యడానికి పనేమీ లేక వ్యాను తీశాం. రామలింగేశ్వరరావు గారి భార్యను కూడా పిలిచాం. ఆవిడ పులిహోర చేసుకుని వచ్చారు. సుభద్రమ్మ గారికి కొత్తగా పట్టుకున్న పిచ్చి కదా, కొంగను చూసినా "అదేంటి, అదేంటి" అని మొగుడి భుజం పట్టుకుని కుదిపేసేవారు. ఆయన చెప్పేవారు. ఆయనకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి ఊరికే చూసేవారు.

అచ్యుతరామయ్య గారు మాత్రం రాలేదు. నియమం ప్రకారం ప్రతి ఆదివారం హాలు తెరిచి, అధ్యక్ష స్థానంలో కూర్చుని, సభ్యుల కోసం నిర్ణీత సమయం ఎదురుచూసి, సభ వాయిదా వేసి ఇంటికి వెళ్లేవారు.

ఒక ఆదివారం మేం తిరిగొచ్చేసరికి ఆయన హాలు మెట్ల మీద నిలబడి ఉన్నారు. నన్ను చెయ్యి ఊపి పక్కకి పిలిచారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"కిటికీ దగ్గరికి ఒకటి వచ్చిందండీ. ఇంతే ఉంది, బొటనవేలంత. నల్లగా ఉందనుకున్నాను. ఎండలోకి రాగానే ఊదారంగు. మళ్లీ నీలం. ముక్కు సూదిలా వంగి ఉంది. గాల్లోనే ఆగి పువ్వులో ముక్కు పెట్టింది. ఏమిటంటారు అది?"

"తేనెపిట్టండి."

"అరుదైనదా?"

"ప్రతి మందారం చెట్టు దగ్గరా ఉంటుందండి."

ఆయన వెనక్కి తిరిగి హాలు కిటికీకేసి చూశారు. తేనెపిట్ట ఆయన సొంత జీవితకాల జాబితాలో నాలుగో పేరు. కింద, చూసినట్టు ఆయన సంతకం కూడా ఉంది. ఆ మాట నేను ఎత్తలేదు.

"మళ్లీ వస్తుందంటారా?"

"పువ్వులున్నన్నాళ్లూ వస్తుందండి."

ఆయన తల ఊపి లోపలికి వెళ్లారు. కాసేపటికి నేను హాలుకు తాళం వేద్దామని వెళ్తే అధ్యక్షుల కుర్చీ బల్ల వెనక లేదు. కిటికీకి ఎదురుగా లాక్కుని, ఆయన అందులో ముందుకు వంగి కూర్చున్నారు. నా అడుగుల చప్పుడు విని, తల తిప్పకుండానే, కదలొద్దని చెయ్యెత్తారు.